దిల్ దర్వాజా: లీకయ్యే వాల్వు ఇలాజ్‌కు ఒక తారీఖ్

ఖాలా కొడుకు రాజమండ్రి నుంచి ఫోన్ చేసినప్పుడు ఇషా నమాజ్ ముగించుకుని మస్జిద్ మెట్లు దిగుతున్నాను. "భాయ్‌జాన్, అమ్మీ దిల్‌లో వాల్వు లీకవుతోందంట. ఛాతీ కొయ్యక్కర్లేదంట. తొడ దగ్గర నరంలోంచి తీగ పంపించి క్లిప్పు పెడతారంట. నువ్వు అఖ్బార్‌వాలావి కదా, అది పెట్టించుకున్నోళ్లు ఎన్నాళ్లు బతుకుతున్నారో కనుక్కుని చెప్పు" అన్నాడు. ఖర్చు ఎంతన్నారని అడిగాను. రెండంకెల లక్షలు చెప్పాడు. కోనసీమలో మా ఖాలూ మర్హూం కొన్న కొబ్బరితోట ఒకటుంది. దాన్ని అమ్మితే సరిపోతుందని ఇంట్లో అప్పటికే లెక్క వేసేశారు.

నేను డాక్టర్ని కాను. చదివి రాయడం నా పని. ఆ రాత్రి మొదలుపెట్టి మూడు వారాలు చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. తమ్ముడు అడిగిన సవాల్‌కు జవాబు వెతుకుతూ పోతే అది తారీఖ్ అయింది. మన ఇళ్లలో ఇంకెవరికైనా ఈ సవాల్ ఎదురుకావచ్చని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వాల్వు సంగతి. మన డెల్టా మనుషులకు దీన్ని చెప్పడం తేలిక. కాలువ మీద లాకులు చూసిన ప్రతివాడికీ తెలుసు, రెండు తలుపులు వచ్చి మధ్యలో కలుసుకుంటేనే నీళ్లు ఆగుతాయి. గుండె ఎడమ వైపున, పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న మైట్రల్ వాల్వుకు కూడా రెండే రెక్కలు. కింది గది రక్తాన్ని ఒంటికి తోసేటప్పుడు అవి మూసుకోవాలి. మూసుకోకపోతే రక్తం కొంత వెనక్కి, ఊపిరితిత్తుల వైపు తంతుంది. మనిషికి ఆయాసం వస్తుంది, రాత్రి పడుకోలేడు, కాళ్లు వాస్తాయి. మా ఖాలా ఆర్నెల్లుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. మేమంతా గ్యాస్ అనుకున్నాం.

లాకు లీకవడానికి రెండు కారణాలుంటాయి. తలుపే పాడవచ్చు, చెక్క పుచ్చవచ్చు, బందు ఊడవచ్చు. లేదా తలుపులు బాగానే ఉన్నా రెండు పక్కల గోడలు విడిపోయి తలుపులు ఒకదానికొకటి అందకపోవచ్చు. గుండెలోనూ అంతే. రెక్కో, రెక్కను పట్టి ఉంచే దారమో చెడితే అది ఒక బీమారీ. గుండెపోటు వచ్చో మరో కారణంగానో కింది గది సాగిపోయి రెక్కలు అందకపోతే అది ఇంకో బీమారీ. ఎకోలో రెండింటికీ పేరు లీకే. నతీజాలు మాత్రం వేరు. ఈ ఫర్క్ గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

(ఉర్దూ మీడియం బడిలో గుండెను కల్బ్ అని చదివాను. తెలుగు డిగ్రీకి వచ్చాక వాల్వును కవాటం అంటారని తెలిసింది. కవాటం అంటే తలుపే. దర్వాజా అన్నా కవాటం అన్నా ఒకటే.)

గుండె ముచ్చట వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో అంతా ఇబ్న్ సీనాయే కనిపెట్టాడని ఫార్వర్డులు తిరుగుతుంటాయి. నిజంగా చెప్పుకోవాల్సిన పేరు ఇబ్న్ అల్ నఫీస్. 1213లో షామ్ దేశంలో పుట్టాడు, దమిష్క్‌లో వైద్యం నేర్చాడు, కైరోలో పేరు తెచ్చుకున్నాడు. రక్తం గుండె కుడి గదిలోంచి నడిమి గోడలో ఉన్న కనపడని రంధ్రాల గుండా ఎడమ గదికి వెళ్తుందని యూనానీ ఉస్తాద్ గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్లపాటు అందరూ ఒప్పుకున్నారు, ఇబ్న్ సీనా కూడా. 1242లో ఇబ్న్ సీనా కితాబుకు వ్యాఖ్యానం రాస్తూ ఇబ్న్ అల్ నఫీస్, ఆ గోడ గట్టిది, రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని రాశాడు. అప్పుడతనికి ముప్పయ్యేళ్లు కూడా లేవు. ఉస్తాద్ పట్ల ఎంత అదబ్ ఉన్నా ఈ ఒక్క మాట తప్పు అనగలిగాడు. ఆ రాత ఏడు వందల ఏళ్లు ఎవరి కంటా పెద్దగా పడలేదు. 1924లో జర్మనీలో చదువుకుంటున్న ముహియుద్దీన్ అత్తతావీ అనే మిస్రీ డాక్టర్ బెర్లిన్ లైబ్రరీలోని చేతిరాత ప్రతిలో దాన్ని పట్టుకున్నాడు. పాత మాటను కాదనే ఈ పద్ధతి క్లిప్పు కథలోనూ మళ్లీ వస్తుంది.

గుండెలోకి తీగ పంపే పని 1929లో మొదలైంది. ఆ ఏడాది జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టర్, పెద్దలు వద్దన్నా వినకుండా తన చేతి నరంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం తోసుకుని, అలాగే నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. మెచ్చుకున్నవాళ్లకన్నా తిట్టినవాళ్లే ఎక్కువ. 1956లో నోబెల్ వచ్చింది. వాల్వు దాకా రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. జపాన్‌లో కంజీ ఇనోవే అనే సర్జన్ 1980ల మొదట్లో తీగ చివర బెలూన్ పెట్టి, ఇరుకైపోయిన మైట్రల్ వాల్వును లోపలి నుంచే ఉబ్బించి తెరిచాడు.

ఇక్కడే కథ హైదరాబాద్‌కు, ఆ మీదట మన గోదావరికి వస్తుంది.

ఇరుకు వాల్వు మన దేశంలో గరీబుల బీమారీ. చిన్నప్పుడు గొంతునొప్పి వస్తుంది, పట్టించుకోరు. తర్వాత కీళ్లవాతపు జ్వరం వస్తుంది, మోకాళ్లు వాచి తగ్గిపోతాయి. అది కీళ్లను వదిలేస్తుంది గానీ గుండెను కాటేసి పోతుంది. ఇరుకు ఇల్లు, ఒకే గదిలో ఎనిమిది మంది పడక ఉన్నచోట ఆ గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మా మొహల్లాలో ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ సూది వేయించుకునే పిల్లలు నా బాల్యంలో ముగ్గురు ఉండేవారు. ఆ సూది మానేస్తే జ్వరం తిరగబెడుతుంది, వాల్వు ఇంకా చెడుతుంది. ఆడపిల్లలకైతే పెళ్లయ్యి కడుపుతో ఉన్నప్పుడు బయటపడేది.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్, అంటే నిమ్స్, అలాంటి మరీజులతో నిండి ఉండేది. అక్కడ కార్డియాలజీ డాక్టర్ భూపతిరాజు సోమరాజు చేతిలో ఉండేది. ఆయనది మన పశ్చిమ గోదావరి జిల్లా. ఆయన బృందమూ, అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని వేన్ స్టేట్ యూనివర్సిటీ డాక్టర్లూ కలిసి ఒక తహ్‌కీక్ చేశారు. బెలూన్ మంచిదా, కత్తి మంచిదా? ఎవరికి ఏది చేయాలో డాక్టర్ ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు విడదీశారు. మొదటి తజ్రిబాలో 40 మంది, సగం బెలూన్‌కు, సగం గుండెను తెరవకుండా చేసే పాత ఆపరేషన్‌కు. 1991లో 'సర్క్యులేషన్' పత్రికలో అచ్చయింది. రెండు గుంపులూ బాగుపడ్డాయి, పెద్ద తేడా లేదు. రెండో తజ్రిబాలో 60 మంది, ఈసారి ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌తో పోటీ. 1994లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. మూడేళ్ల తర్వాత చూస్తే బెలూన్ వాళ్ల వాల్వు నోరు సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, ఆపరేషన్ వాళ్లది 1.8. ఏ తక్లీఫ్ లేకుండా తిరుగుతున్నవాళ్లు బెలూన్ గుంపులో నూటికి 72 మంది, ఆపరేషన్ గుంపులో 57 మంది.

దునియా మొత్తం చదివే పత్రికల్లో నిజాం పేరున్న దవాఖానా మరీజుల నతీజాలు అచ్చయ్యాయి. ఆ అరవై మందిలో ఎవరెవరున్నారో మనకు తెలియదు. పల్లెల నుంచి రైలెక్కి వచ్చి, దవాఖానా వరండాలో చాప పరుచుకుని వంతు కోసం చూసినవాళ్లే వాళ్లలో ఎక్కువ మంది ఉండి ఉంటారని అనుకుంటాను. ఇవాళ ఏ దేశంలోనైనా ఇరుకు మైట్రల్ వాల్వుకు ముందు బెలూన్ ఆలోచిస్తున్నారంటే దాని వెనుక వాళ్ల గుండెలు కూడా ఉన్నాయి.

1991 వ్యాసంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే మాట. ఆ డాక్టర్లు ఖర్చు కూడా లెక్కకట్టారు. బెలూన్ వల్ల సంపన్న దేశాల్లో డబ్బు మిగులుతుంది, మనలాంటి దేశాల్లో ఆపరేషన్ కన్నా ఖర్చు బాగా ఎక్కువ కావచ్చు అని రాశారు. అక్కడ మంచాన్ని, సర్జన్‌ని అద్దెకు తీసుకోవడం ఖరీదు. ఇక్కడ దిగుమతి చేసుకున్న తీగ ఖరీదు. ఇలాజ్ పనిచేస్తుందా అన్న సవాల్ పక్కనే, మన మరీజుకు అది అందుతుందా అన్న సవాల్‌ను పెట్టారు. ఇప్పటి క్లిప్పు వ్యాసాల్లో నేను వెతికింది కూడా ఆ రెండో సవాల్‌నే.

ఆ సోమరాజుగారే తర్వాత ఏ.పి.జె. అబ్దుల్ కలాంతో కలిసి రక్తనాళంలో పెట్టే స్టెంటును తక్కువ ధరకు తయారుచేశారు. కలాం రాజు స్టెంట్ అని ఇద్దరి పేర్లూ పెట్టారు. క్షిపణులు చేసే మనిషీ గుండె డాక్టరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారంటే దానికి కారణం బయటి నుంచి వచ్చే స్టెంటు ధర. కలాంగారి క్షిపణుల గురించి మన పిల్లలకు బడిలో చెబుతారు. ఈ సంగతి ఎందుకో తక్కువ చెబుతారు.

మా ఫుఫ్ఫూకు 1990లలోనే హైదరాబాద్‌లోని ఒక దవాఖానాలో బెలూన్ చేశారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్లారు, వారం తిరక్కుండా వచ్చేసింది. పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. అందుకే తమ్ముడు "తీగతో చేస్తారంట" అనగానే ఇంట్లో అందరికీ ఫుఫ్ఫూయే గుర్తొచ్చింది. "ఆమెకు పనిచేసిందిగా, అమ్మీకీ పనిచేస్తుంది" అన్నారు. ఆ పోలికలోనే పొరపాటుంది. ఫుఫ్ఫూది తెరుచుకోని వాల్వు. ఖాలాది మూసుకోని వాల్వు. బెలూన్ తెరవగలదు, మూయలేదు. లీకున్న వాల్వులో బెలూన్ ఉబ్బిస్తే లీకు ఇంకా పెరుగుతుంది.

లీకు ఇలాజ్ ఇటలీలో మొదలైంది. మిలాన్‌లో ఒట్టావియో అల్ఫియేరీ అనే సర్జన్, పుట్టుకతోనే మైట్రల్ వాల్వుకు రెండు నోళ్లున్న ఒక మరీజును చూశాడు. రెండు నోళ్లున్నా లీకు లేదు. అయితే లీకయ్యే వాల్వుకు మనమే రెండు నోళ్లు చేస్తే? 1991లో రెండు రెక్కల అంచుల్ని మధ్యలో ఒక కుట్టుతో కలిపేశాడు. మధ్యలో కలిసే ఉంటాయి, రెండు పక్కలా రక్తం పోతుంది. షేర్వానీకి మధ్యలో ఒక్క గుండీ పెట్టినట్టు. తోటి సర్జన్లు చాలామంది దీన్ని ఎగతాళి చేశారు. ఆ కుట్టునే కుట్టు లేకుండా, తీగ చివర బట్ట చుట్టిన లోహపు క్లిప్పుతో వేయవచ్చని అమెరికాలో ఫ్రెడరిక్ సెయింట్ గోర్ అనే డాక్టర్ బృందం ఆలోచించింది. 2003లో వెనెజులా రాజధాని కారకాస్‌లో మొదటి మనిషికి పెట్టారు. తొడ నరంలోంచి గుండె కుడి పక్కకు, అక్కడి నుంచి నడిమి గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమ పక్కకు. ఇబ్న్ అల్ నఫీస్ లేదన్న రంధ్రాన్ని ఇప్పుడు డాక్టర్లు సూదితో చేస్తున్నారు. దాని పేరు మైట్రాక్లిప్.

సరే, ఎన్నాళ్లు? తమ్ముడి సవాల్ అదే కదా.

మొదటి పెద్ద నతీజా 2011లో వచ్చింది. 279 మంది, ఎక్కువ మందికి రెక్కే చెడిన లీకు. మూడింట రెండు వంతులకు క్లిప్పు, మిగిలినవాళ్లకు ఆపరేషన్. ఏడాదికి రెండు గుంపుల్లోనూ చనిపోయినవాళ్లు నూటికి 6. కానీ క్లిప్పు వాళ్లలో నూటికి 20 మంది మళ్లీ ఛాతీ కోయించుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ వాళ్లలో ఆ అవసరం ఇద్దరికే. మరి క్లిప్పుకు ఫాయిదా ఏమిటి? మొదటి నెల రోజుల్లో వచ్చే పెద్ద కష్టాలు ఆపరేషన్‌లో నూటికి 48, క్లిప్పులో 15. ఆ 48లో ఎక్కువ భాగం రక్తం ఎక్కించాల్సి రావడమే అనుకోండి. ఐదేళ్లకు చూస్తే రెండోసారి ఆపరేషన్ 28కి 9. అందులోనూ క్లిప్పు విఫలమైనవాళ్లలో ఎక్కువ మందికి మొదటి ఆరు నెలల్లోనే తెలిసిపోయింది. ఆ గండం దాటినవాళ్లకు తర్వాత పెద్ద తేడా లేదు. కాబట్టి రెక్క చెడి, ఒంట్లో తట్టుకునే బలం ఉన్నవాళ్లకు మంచి సర్జన్ చేతి మరమ్మతే మేలు. కత్తిని తట్టుకోలేని ముసలి ప్రాణాలకు క్లిప్పు. అమెరికా ప్రభుత్వం 2013లో అనుమతి ఇచ్చింది కూడా అలాంటివాళ్లకే.

ఖాలాది రెండో రకం. ఆమెకు రెండుసార్లు గుండెపోటు వచ్చింది, గది సాగిపోయింది. ఈ రకానికి 2018లో, కొన్ని వారాల తేడాతో, రెండు జవాబులు వచ్చాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేశాయి.

ఫ్రాన్స్ తహ్‌కీక్ మైట్రా ఎఫ్ఆర్. 304 మంది. సగం మందికి మందులు, సగం మందికి మందులతోపాటు క్లిప్పు. ఏడాదిలో చనిపోయినవాళ్లు క్లిప్పు గుంపులో నూటికి 24, మందుల గుంపులో 22. ఫాయిదా సున్నా.

అమెరికా, కెనడాల తహ్‌కీక్ కోయాప్ట్. 614 మంది. రెండేళ్లలో చనిపోయినవాళ్లు మందుల గుంపులో నూటికి 46, క్లిప్పు గుంపులో 29. ఆయాసంతో దవాఖానాలో చేరడం, వంద మందికి ఏడాదికి సుమారు 68 సార్ల నుంచి 36కు పడిపోయింది.

ఒకటే క్లిప్పు, ఒకటే బీమారీ. నేను ఈ రెండూ చదివిన రాత్రి తమ్ముడికి ఫోన్ చేయలేకపోయాను. ఏ అంకె చెప్పాలి? ఉమ్మీద్ ఇచ్చేదా, తోట నిలబెట్టేదా?

జవాబ్ మరీజుల ఎంపికలో ఉంది. కోయాప్ట్‌లో చేర్చుకునే ముందు ప్రతివారికీ మందుల్ని తట్టుకోగలిగినంత పూర్తి మోతాదుకు పెంచి చూశారు. ఆ తర్వాత కూడా లీకు తగ్గనివాళ్లనే తీసుకున్నారు. ఫ్రాన్స్‌లో అంత పట్టు లేదు. పైగా ఫ్రాన్స్ మరీజుల గుండె గదులు ఎక్కువగా సాగిపోయి ఉన్నాయి, లీకు మాత్రం తక్కువ. అంటే అక్కడ బీమారీ అసలు గోడలది, లీకు దాని నీడ. తలుపులు కలిపి కడితే కూలే గోడ నిలబడదు. అమెరికా వాళ్లలో గది సాగడం కాస్త తక్కువ, దానితో పోలిస్తే లీకు చాలా ఎక్కువ. అక్కడ లీకే మనిషిని చంపుతోంది. దాన్ని ఆపితే ఫాయిదా కనపడింది. డాక్టర్లలో ఈ వివరణ ఒప్పుకోనివాళ్లు కొందరున్నారు. నాకు మాత్రం ఇది అక్ల్‌కు అందేలా ఉంది.

కోయాప్ట్ ఐదేళ్ల నతీజా 2023లో వచ్చింది. దాన్ని చూస్తే ఎవరూ సంబరపడలేరు. ఐదేళ్లకు చనిపోయినవాళ్లు మందుల గుంపులో నూటికి 67, క్లిప్పు గుంపులో 57. రెండేళ్ల తర్వాత మందుల గుంపులో కొందరికి కూడా క్లిప్పు పెట్టారు, ఆ లెక్క వేరే. క్లిప్పు ప్రాణాన్ని పొడిగించింది, ఆయాసం తగ్గించింది, కానీ గుండెను కొత్తది చేయలేదు. సగం కంటే ఎక్కువ మంది ఐదేళ్లు దాటలేదు. మొదటి రోజే ఈ మాట మరీజు ఇంటివాళ్లకు చెప్పాలి. మావాళ్లకు చెప్పినవాళ్లు "చిన్న ప్రొసీజర్, మూడో రోజు ఇంటికి" అన్నంతవరకే చెప్పారు. అది అబద్ధం కాదు. పూర్తి సచ్ కూడా కాదు.

2024లో యూరప్ నుంచి 505 మందితో ఇంకో తహ్‌కీక్ వచ్చింది. అక్కడ కూడా దవాఖానా పాలవడం తగ్గిందన్నారు. తరాజు ఇప్పుడు క్లిప్పు వైపే కొంచెం మొగ్గింది.

ఇక మన డెల్టాకు వస్తే ఇంకో మజ్బూరీ. ఈ తహ్‌కీక్‌ల మరీజులు ఎక్కువగా డెబ్బై దాటిన తెల్లవాళ్లు. మన దగ్గర కీళ్లవాతపు జ్వరంతో చెడిన వాల్వులు ఇంకా ఉన్నాయి. ఆ రెక్కలు మందంగా, గట్టిగా, ముడుచుకుపోయి ఉంటాయి. క్లిప్పు పట్టుకోవడానికి మెత్తటి అంచు దొరకదు. లీకుతోపాటు ఇరుకు కూడా ఉంటే క్లిప్పు పెట్టాక నోరు ఇంకా ఇరుకవుతుంది. అలాంటివాళ్లలో చాలామందికి వాల్వు మార్పిడే దారి. దాన్ని ఆరోగ్యశ్రీ పట్టికలో చేర్చారు. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆ పథకం అదే ఏడాది డిసెంబర్‌లో ఉభయ గోదావరులకు వచ్చింది. తోటలు అమ్ముకోకుండా వాల్వు మార్పించుకున్నవాళ్లు మన మొహల్లాల్లో ఉన్నారు. మార్చాక లోహపు వాల్వయితే జిందగీ అంతా రక్తం పలచబడే మాత్ర, నెలనెలా పరీక్ష. ఆ పరీక్ష మానేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లను కూడా చూశాను.

గుజరాత్‌లోని వాపిలో ఉన్న మెరిల్ కంపెనీ 2025లో మైక్లిప్ పేరుతో దేశీ క్లిప్పు తెచ్చింది. స్టెంట్ కథ ఇక్కడ కూడా జరుగుతుందేమో చూడాలి.

తమ్ముడికి చివరికి ఫోన్ చేసి అంకెలు చెప్పలేదు. మూడు సవాళ్లు రాయించాను. అమ్మీది ఏ రకం లీకు? మందులు పూర్తి మోతాదులో ఎన్ని నెలలు వాడారు? గది ఎంత సాగింది, దానికి లీకు ఎంత? ఈ మూడూ పట్టుకుని కాకినాడలో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఆయన కాగితాలన్నీ చూసి, ఒక మందు సగం మోతాదులోనే ఉందనీ, ఇంకో మందు అసలు మొదలే పెట్టలేదనీ అన్నాడట. నాలుగు నెలలు వాడి రమ్మన్నాడు.

నాలుగు నెలల తర్వాత ఎకోలో లీకు తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగింది. క్లిప్పు అవసరం లేదనలేదు ఆయన, ఇప్పుడు కాదన్నాడు. ఖాలా రెండు దిండ్లు వేసుకుని పడుకుంటోంది. ఫజర్‌కు తనే లేచి వజూ చేసుకుంటోంది, నమాజ్ మాత్రం కుర్చీలోనే. తోట కాగితాలు బీరువాలోంచి తీసినవి తీసినట్టే బల్ల మీద ఉన్నాయి. రంజాన్ తర్వాత మళ్లీ ఎకో.